బండి నడపరాని ఆటోమొబైల్ సారు

నాకు బండి నడపరాదు. ఈ ఒక్క ముక్క నోటితోటి చెప్పనీకి నాకు నలభై నాలుగేండ్లు పట్టింది.

వేరేటోళ్లయితే ఇందుల సిగ్గుపడేదేముంది అంటరు. కానీ నేను దబీర్‌పురాల ఒక సర్కారు హైస్కూల్ల ఆటోమొబైల్ చెప్పే సారును. తొమ్మిది, పది తరగతుల పిల్లలకు ఇంజన్, గేర్‌బాక్స్, బ్రేకులు, రోడ్డు భద్రత అన్నీ నేనే చెప్త. పేరు ఇస్సాకు. మా నాయిన రైల్వే వర్క్‌షాపుల ఫిట్టర్. చిన్నప్పుడు నట్లు బోల్ట్లతోటే ఆడుకున్న, పెద్దయినంక డిప్లొమా చేసిన. బండి స్టార్ట్ చేసి ఒక్కపారి రేసు ఇస్తె చాలు, లోపల ఏం పోయిందో చెవితోటే చెప్త. కార్వాన్‌ల మా గల్లీ మెకానిక్‌లు గూడ ఏం సమజ్ కాకపోతె నా ఇంటి తలుపే కొడ్తరు. గంతటి మొనగాణ్ని. హ్యాండిల్ పట్టుకోమంటే మాత్రం నా వల్ల కాదు.

దానికో కారణముంది. పందొమ్మిదేండ్లప్పుడు మా మేనమామ స్కూటర్ అడుక్కొని పురానాపూల్ దిక్కు పోయిన. ఎదురుంగ పెండ్లి బరాత్ వచ్చింది. బ్రేకు వెయ్యబోయి రేసు తిప్పిన. స్కూటర్ సీదా పొయ్యి బ్యాండోళ్ల పెద్ద డప్పుల జొచ్చింది. దేవుని దయ, ఎవ్వలికీ దెబ్బ తాకలే. కానీ ఆ డప్పాయన చినిగిన డప్పు మెడలేసుకొనే నన్ను వంతెన దాంక ఉరికిచ్చిండు. ఆ దినం నుంచి నేను ఏ బండి నడిపే సీట్ల కూసోలే.

నా భార్య రాహేలు సర్కారు దవాఖానల నర్సు. ఆమెకు స్కూటీ ఉంది. రోజూ పొద్దున నన్ను ఎనక కూసోపెట్టుకొని తెచ్చి దించుతది. స్కూలు దాంక రానియ్య, దబీర్‌పురా రైల్వే స్టేషన్ కాడనే దిగుత. పిల్లలు, తోటి టీచర్లు మా సారు రైల్ల వస్తడు, పెట్రోల్ దండగ చెయ్యడు అనుకుంటరు. మా హెడ్మాస్టర్ కాశమ్మ మేడమైతే ఒకపారి అసెంబ్లీల పర్యావరణం గురించి మాట్లాడుకుంట నా పేరు చెప్పి చప్పట్లు గూడ కొట్టిచ్చింది. నేను తల వంచుకొని నిలబడ్డ. అందరూ దాన్ని వినయం అనుకున్నరు.

గిట్ల తొమ్మిదేండ్లు గడిచిపోయినయి. పోయిన జులైల ఆర్డర్ వచ్చింది. హైస్కూళ్లల్ల ఆటోమొబైల్ చెప్పేటోళ్లందరికీ ఐదు దినాల శిక్షణ, సోమవారం నుంచి శుక్రవారం దాంక. కాశమ్మ మేడం నన్ను పిలిచి, "ఇస్సాకు గారూ, మీకు శిక్షణ ఏంది, మీరే పొయ్యి వాళ్లకు ఇయ్యాలె," అన్నది. నేను నవ్వుకుంట ఆ కాయితం తీసుకున్న. రెండో పేజీల చివరి లైన్ల ఉంది అసలు సంగతి: ఐదో దినం ప్రతి ఒక్కరూ కారు నడుపుకుంట, క్లాసుల చెప్పినట్టు పాఠం చెప్పాలె. దాన్ని వీడియో తీసి పైకి పంపుతరు. వీడియో లేకపోతె సర్టిఫికెట్ లేదు.

ఆ లైను నాలుగుసార్లు చదివిన. నాలుగుసార్లూ గదే ఉంది.

సోమవారం పొద్దున శిక్షణకు పోయిన. మూసీ పక్కన పాత రేకుల షెడ్డు, లోపల ప్లాస్టిక్ కుర్చీలు, ఒక ప్రొజెక్టర్. మొత్తం ఇరవై ఆరు మందిమి. అందుల ఆడమనిషి ఒక్కతే, గుడిమల్కాపూర్ దిక్కు స్కూల్ల రెండు నెలల కింద చేరిన సుజన. నా పక్క కుర్చీల కూసున్నది. ఇంకో పక్కన బాలరాజ్. బాలరాజ్‌ది పాల వ్యాపారం చేసే ఇల్లు, చిన్నప్పట్నుంచి పాల వ్యాన్లు నడిపిండు. కూసున్న ఐదు నిమిషాలల్లనే, బేగంబజార్ గల్లీల నుంచి వ్యాన్‌ను రివర్స్‌ల ఎట్ల బయటికి తెచ్చిండో నాకు రెండుసార్లు చెప్పిండు.

మాకు నేర్పనీకొచ్చినామె స్రవ్య మేడం. ముప్పై ఏండ్లు గూడ ఉండయి. చేతిల మైకు, మెడల ఐడీ కార్డు. "ముందుగాల అందరం పరిచయం చేసుకుందాం. ఎవరికి వారు బండిల ఏ పార్టో చెప్పాలె, ఎందుకో గూడ చెప్పాలె," అన్నది.

మొదలు లేచింది ఈశ్వరయ్య సారు, అందరికన్నా సీనియర్. "నేను షాక్ అబ్జార్బర్. మా హెడ్మాస్టర్ ఇచ్చే షాకులన్నీ నేనే తట్టుకుంట," అన్నడు. మస్తు నవ్విన్రు. దాంతోటి ఆ తర్వాత లేచినోళ్లల్ల తొమ్మిదిమంది షాక్ అబ్జార్బర్లే అయిన్రు. బాలరాజ్ తను టర్బో అన్నడు. సుజన మెల్లగ, "నేను ఇండికేటర్ సార్. ఎటు పోవాల్నో చెప్త," అన్నది. నా వంతు వచ్చేసరికి నోట్లకెళ్లి అనుకోకుంట, "స్టెప్నీ," అని వచ్చింది. "ఎందుకు సార్?" అని అడిగింది స్రవ్య మేడం. "ఎప్పుడూ ఎనకనే ఉంట," అన్న. మల్ల అందరూ దాన్ని వినయమే అనుకున్నరు.

చాయ్ టైంల స్రవ్య మేడం దగ్గరికి పొయ్యి ఏదో మాటల మీద అడిగినట్టు అడిగిన. "మేడం, శుక్రవారం డ్రైవింగ్ అందరూ చెయ్యాల్నా? వయసు పైబడ్డోళ్లు, బీపీ ఉన్నోళ్లు..."

"అయ్యో సార్, ఉత్త ఫార్మాలిటీ. ఆటోమొబైల్ సార్లకు డ్రైవింగ్ రాకుండ ఉంటదా?" అన్నది.

చుట్టూ ఉన్నోళ్లు నవ్విన్రు. అందరికన్నా గట్టిగ నేనే నవ్విన.

ఆ సాయంత్రం రాహేలుకు చెప్పిన. ఆమె నిమ్మళంగ ఇన్నది. "ఇంకా నాలుగు దినాలుంది. నేను నేర్పుత, స్కూటీ ఎక్కు," అన్నది. గల్లీల అందరూ చూస్తరు, ఎక్కనంటె ఎక్కనన్న. "మరి శుక్రవారం షెడ్డుల అందరూ కండ్లు మూసుకుంటరా?" అన్నది. మాటా మాటా పెరిగి మా ఇంట్ల పెద్ద లొల్లే అయింది. చివరికి ఆమె చెప్పులేసుకొని బయటికి పోయింది. పది నిమిషాలకు మా ఎనక గల్లీ బుచ్చమ్మను ఎంటేసుకొని వచ్చింది.

బుచ్చమ్మక్కకు అరవై దాటినయి. ఆరు బర్లున్నయి. భర్త పోయినంక ఆయన ట్రాలీ ఆటో ఆమెనే నడుపుతది. తెల్లారకముందే గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పొయ్యి, గోబిపువ్వు ఏరినంక పారేసే ఆకులు బర్లకోసం నింపుకొస్తది. ఆ ఆటోకు ఎప్పుడు ఏమైనా నేనే బాగు చేస్త.

ఆమె నడుము మీద చెయ్యి పెట్టుకొని నన్ను కిందికెళ్లి మీది దాంక చూసింది. "సారూ, నిజమేనా? పోరగాండ్లకు బండి పాఠం చెప్తవు, నీకు బండి రాదా?"

నేను రాహేలు దిక్కు చూసిన. ఇరవై ఏండ్ల సంది ఎవ్వలికీ చెప్పనని మాటిచ్చిన మనిషి. ఆమె గోడ మీద క్యాలెండర్ దిక్కు చూసుకుంట నిలబడ్డది.

"రాదక్కా," అన్న.

"గంతే గదా. వంట రాని వంటమాస్టర్లను గూడ చూసిన నేను. పొద్దుగాల అయిదింటికి తయారుండు," అని పోయింది.

మంగళవారం పొద్దున ఆమె ఆటోల ఆమె పక్కన ఇరుక్కొని కూసొని గుడిమల్కాపూర్ పోయిన. బంతిపూల మూటలు దిగుతున్నయి, హమాలీలు అరుస్తున్నరు. ఆకులు నింపుకున్నంక మార్కెట్ ఎనక ఖాళీ జాగకు తీసుకపోయి ఆటో ఆపింది. "ఇగ నువ్వు కూసో," అన్నది.

కూసున్న. ఎడమ చేతిల క్లచ్, అక్కడనే గేరు, కుడి చేతిల రేసు, కుడి కాలు కింద బ్రేకు. అన్నీ నాకు తెలుసు. వాటిని ఇప్పి మల్ల బిగించినోణ్ని. క్లచ్ పట్టిన, గేరు ఏసిన, ఇడిసిన. ఆటో కప్పలెక్క ఒక్క దునుకు దునికి బంద్ అయింది. ఎనక నుంచి పావు వంతు ఆకు మా ఇద్దరి మీద పడ్డది.

"ఏం చేసినవ్ సారూ?" అన్నది బుచ్చమ్మ, నెత్తి మీది ఆకు తీసుకుంట.

నేను సంజాయిషీ చెప్పిన. "అక్కా, క్లచ్‌ల ఘర్షణ పలకలు ఉంటయి. అవి ఒకదానికొకటి ఒక్కసారే ఒత్తుకుంటె ఇంజన్ మీద భారం..."

"ఆ పలకలు తీసి పక్కకు పెట్టు. చేతికి ఎట్ల తాకుతున్నదో చెప్పు."

తొమ్మిదేండ్లల్ల ఐదు వందల మంది పిల్లలకు క్లచ్ పాఠం చెప్పిన. బోర్డు మీద బొమ్మ కండ్లు మూసుకొని గీస్త. అది చేతికి ఎట్ల తాకుతదో నాకు తెల్వది.

"దూడను ఎన్నడన్న పట్టినవా?" అని అడిగింది. లేదన్న. "పాలకు ఇడిసేటప్పుడు తాడు ఒక్కసారే ఇడిస్తె దూడ ఉరుకుతది, నువ్వు బోర్ల పడ్తవ్. కొంచెం కొంచెం ఇడువాలె. అది ఎక్కడ గుంజుతదో చేతికి తెలుస్తది. అక్కడ ఆగాలె. మల్ల కొంచెం ఇడువాలె."

పదకొండుసార్లు బంద్ అయింది. పన్నెండోసారి ఆటో మెల్లగ ముందుకు పోయింది. నేను సంబురంల బ్రేకు మర్చిపోయిన. ఆకుల కుప్ప అడ్డం ఉండబట్టి ఆగినం.

ఆ దినం శిక్షణల స్రవ్య మేడం అందరికీ తెల్ల కాయితాలు పంచింది. "మీకు అస్సలు రాని పని ఈ మధ్యల ఏదన్న నేర్చుకున్నరా? నేర్చుకునేటప్పుడు ఎట్లనిపించింది? రాయండి," అన్నది. ఈశ్వరయ్య సారు ఫోన్ల పైసలు పంపుడు నేర్చుకున్న అని రాసిండు. బాలరాజ్, "నాకు రాని పని ఇంతవరకు తగల్లేదు," అని రాసి అందరికీ చదివి వినిపించిండు. నేను చాలాసేపు కలం పట్టుకొని కూసున్న. తర్వాత, "ఈత. బాగనిపించింది," అని రాసి ఇచ్చిన. పక్కనున్న సుజన మెల్లగ, "సార్, మీ కాలర్ల గోబి ఆకుంది," అన్నది.

బుధవారం ఇంకింత కష్టమైంది. మలుపు తిప్పుడు మొదలువెట్టినం. నేను హ్యాండిల్ ఎటు తిప్పాల్నో ఆలోచించేసరికి మలుపు దాటిపోతున్నది. నాలుగోసారి బుచ్చమ్మక్క ఓపిక అయిపోయింది. "నీకు చేతులున్నయా, కట్టెలున్నయా?" అని అరిచింది.

ఆ మాట ఎక్కడనో విన్నట్టనిపించింది. ఎక్కడో కాదు, నా నోట్లనే. మా తొమ్మిదో తరగతిల సాగర్ అనే పిల్లగాడున్నడు. నట్లు బిగించే పానా పట్టుకుంటె మూడుసార్లు కింద పడేస్తడు. పోయిన నెల క్లాసు ముందట వాణ్ని గిదే మాట అన్న. వాడు పానా తీసి డబ్బాల పెట్టి ఎనక్కి పొయ్యి నిలబడ్డడు. మల్ల ముందుకు రాలే. నాకప్పుడు వాడు మొండోడు అనిపించింది. ఇప్పుడు ఆ హ్యాండిల్ ఇడిసిపెట్టి ఆటో ఎనక్కి పొయ్యి నిలబడాలని నాకూ మస్తు అనిపించింది.

"అక్కా, తిట్టకు. తిడితె ఇంక రాదు," అన్న.

ఆమె నా మొఖం చూసి కొంగుతోటి మూతి తుడుచుకుంది. "సరే, తిట్ట. మల్ల తిప్పు," అన్నది. ఈసారి మలుపు తిరిగింది.

గురువారం పొద్దటికి ఆ ఖాళీ జాగ చుట్టూ మూడు రౌండ్లు కొట్టిన. ఆకు ఒక్కటి కింద పడలే. బుచ్చమ్మక్క చప్పట్లు కొట్టింది. నేను రాజా లెక్క శిక్షణకు పోయిన.

ఆ దినం రిపేర్ల పరీక్ష. షెడ్డు బయట ఎవరో ఇచ్చిన పాత తెల్ల కారు పెట్టిన్రు. ఇంజన్ల ఏదో తేడా చేసి, ఏందో కనిపెట్టుమన్నరు. పదిమంది బానెట్ల తలకాయలు పెట్టి వైర్లు గుంజి చూసిన్రు. నేను దగ్గరికి పోలే. నాలుగడుగుల దూరంల నిలబడి, "ఆల్టర్నేటర్ బేరింగ్," అన్న. ఇప్పి చూస్తె గదే. బాలరాజ్ నన్ను ఎత్తుకున్నంత పని చేసిండు. "ఉస్తాద్! ఇట్లాంటి చెవి హైదరాబాద్‌ల లేదు!" అని అరిచిండు. స్రవ్య మేడం ఫోటో తీసుకుంది. "రేపు మీ వీడియో మొదలు తీద్దాం సార్, అందరికీ నమూనా ఉంటది," అన్నది. "రేపు ఈ కారే గదా," అని గూడ అన్నది.

అప్పుడు చూసిన ఆ కారు లోపలికి. స్టీరింగ్ ఉంది. క్లచ్ కాలి కింద ఉంది. గేరు రాడ్డు పక్కకుంది. మూడు దినాల సంది నేను నేర్చుకున్నది ఒక్కటి గూడ అది ఉండాల్సిన చోట లేదు. ఆటో నడిచిన సంబురంల ఈ సంగతే మర్చిపోయిన.

సాయంత్రం బుచ్చమ్మక్క దగ్గరికి ఉరికిన. "స్టీరింగా? అది నాకు రాదు సారూ," అన్నది పాలు పిండుకుంట. "అయినా క్లచ్ క్లచ్చే గదా. చేతికి తెలిసింది కాలికి తెల్వదా?"

నాకు నమ్మకం కుదరలే. ఇంటికి పొయ్యి రాహేలును, "కాలుకు బ్యాండేజ్ కట్టు. బెణికిందని చెప్త," అన్న.

"నేను నర్సును, నాటకం కంపెనీ కాదు," అన్నది.

బతిమిలాడిన. పొద్దటి దాంక ఒప్పుకోలే. పొద్దున నా మొఖం చూసి జాలిపడ్డదో, ఇసుక్కున్నదో, డబ్బాల నుంచి పెద్ద బ్యాండేజ్ తీసి చీలమండ నుంచి మోకాలు దాంక చుట్టింది. "ప్రభువు చూస్తున్నడు," అన్నది పిన్ను పెట్టుకుంట.

శుక్రవారం కుంటుకుంట పోయిన. అందరూ అయ్యో అన్నరు. ఈశ్వరయ్య సారు తన కుర్చీ ఇచ్చిండు. ఇంకొకరు కాలు పెట్టుకోనీకి స్టూల్ తెచ్చిన్రు. స్రవ్య మేడం, "మీరు కూసోండి సార్. ఆరోగ్యం బాలేదని రాస్త. మీ అసొంటోళ్లకు డ్రైవింగ్ పరీక్ష ఎందుకు?" అన్నది. అయిపోయింది. బయటపడ్డ. చాయ్ గూడ కూసున్న కాడికే తెచ్చిచ్చిన్రు.

ఒక్కొక్కరే నడుపుతున్నరు. బాలరాజ్ ఒంటి చేత్తోటి స్టీరింగ్ తిప్పుకుంట, వీడియోల మొఖం బాగ పడేటట్టు అద్దం గూడ చూసుకుంట పాఠం చెప్పిండు. తర్వాత సుజనను పిలిచిన్రు.

ఆమె ఎక్కింది. "పిల్లలూ, మొదలు న్యూట్రల్ చూసుకోవాలె," అని మొదలువెట్టింది. స్టార్ట్ చేసింది, కారు ఒక దునుకు దునికి బంద్ అయింది. మల్ల చేసింది. మల్ల బంద్. మూడోసారి గూడ గంతే. బాలరాజ్ నవ్వుకుంట, "మేడం, దిగి నూకుండ్రి, గదే ఫాస్టు!" అన్నడు. షెడ్డంత నవ్వింది. ఆమె దిగింది. కండ్లల్ల నీళ్లున్నయి. కానీ గొంతు గట్టిగనే ఉంది. "మా ఇంట్ల కారు లేదు సార్. స్కూటీ నడుపుత. డిప్లొమాల కారు ముట్టుకున్నది రెండేసార్లు. అదీ కడగనీకి," అన్నది.

ఈశ్వరయ్య సారు నా పక్కనే నిలబడి, ఆమెకు వినపడేటట్టే అన్నడు, "నడపరానోళ్లు ఈ సబ్జెక్ట్ ఎందుకు తీసుకుంటరో!"

నేను ఆయన కుర్చీలనే కూసున్న. కాలు స్టూల్ మీద. చేతిల ఆయన తెచ్చిన చాయ్.

నాకు ధైర్యం ఎక్కడికెళ్లి వచ్చిందో ఇప్పటికీ తెల్వది. చాయ్ కింద పెట్టి లేచిన. "సార్, నడపరానోణ్ని నేను గూడ ఉన్న," అన్న. ఎవ్వలికీ సమజ్ కాలే. ఏదో జోక్ అనుకొని ఇద్దరు ముగ్గురు నవ్విన్రు. నేను ప్యాంటు మడిచి బ్యాండేజ్ విప్పుడు మొదలువెట్టిన. రాహేలు ఏ పనీ సగం చెయ్యది. అది ఎంతకీ అయిపోతలేదు. తిప్పుతున్న, తిప్పుతున్న, ఇరవై అయిదుమంది నోరు తెరుచుకొని చూస్తున్నరు. ఆఖరుకు మొత్తం ఊడింది. "కాలుకు ఏం కాలే. నాకు బండి రాదు. ఆటో గూడ రాదు, కారు గూడ రాదు. రోజూ మా ఆమె స్కూటీ ఎనక కూసొని వస్త," అన్న.

బాలరాజ్ నా కాలు దిక్కు ఏలు చూపెట్టిండు. "అన్నా, పట్టీ కుడి కాలుకుంది. నువ్వు పొద్దుట్నుంచి ఎడమ కాలు కుంటినవ్ గదా?"

అప్పుడు పడ్డది నవ్వు. కడుపులు పట్టుకొని నవ్విన్రు. స్రవ్య మేడం మైకు కింద పెట్టి మరీ నవ్వింది. కండ్లల్ల నీళ్లతోటే సుజన గూడ నవ్వింది. నేను గూడ నవ్విన. ఈసారి అందరికన్నా గట్టిగ కాదు, అందరితోటి.

నవ్వు తగ్గినంక మేడం అడిగింది, "మరి ఇన్నేండ్లు ఎట్ల చెప్పిన్రు సార్?"

"చదివి చెప్పిన, విని చెప్పిన. మంగళవారం మీరిచ్చిన కాయితంల గూడ అబద్ధమే రాసిన మేడం. నేను నేర్చుకుంటున్నది ఈత కాదు, ట్రాలీ ఆటో. ఎట్లనిపించిందంటె, రెండు చేతులూ కట్టెలే అనిపించింది. నేర్పేటామె అరిస్తె ఇంటికి పోవాలనిపించింది," అన్న. బుచ్చమ్మక్క సంగతి, దూడ తాడు సంగతి గూడ చెప్పిన. ఎవ్వరూ నవ్వలే. కొందరు రాసుకున్నరు.

ఈశ్వరయ్య సారు గొంతు సవరించుకున్నడు. "సుజనమ్మా, నేనట్ల అనాల్సింది కాదు. నా సంగతి గూడ చెప్త. నాకు ముందుకు నడపొస్తది. రివర్స్ రాదు. ముప్పై ఏండ్ల సంది, ఎనక్కి తియ్యాల్సిన కాడ బండి పెట్టనే పెట్ట," అన్నడు. బాలరాజ్ నెత్తి పట్టుకున్నడు.

స్రవ్య మేడం గడియారం చూసుకుంది. "ఇంకా టైముంది. సుజన మేడం మల్ల నడుపుతరు. తర్వాత ఇస్సాకు సార్. ఎవ్వరూ నవ్వొద్దు, నవ్వినోళ్లు రెండు రౌండ్లు కొట్టాలె," అన్నది.

సుజన ఎక్కేటప్పుడు, "తాడు మెల్లగ ఇడువమ్మా, గుంజిన కాడ ఆగు," అన్న. రెండోసారికే కారు కదిలింది. గ్రౌండ్ చుట్టూ తిరిగి పాఠం చెప్పుకుంట వచ్చి ఆపింది. అందరికన్నా ముందు చప్పట్లు కొట్టింది బాలరాజే.

నా వంతు వచ్చింది. నేను పొయ్యి ఎడమ పక్క తలుపు తీసి కూసున్న. ఇరవై ఏండ్ల అలవాటు. "సార్, ఆ పక్కకు," అన్నది మేడం. నవ్వు ఆపుకోలేక ఒకాయన షెడ్డు ఎనక్కి ఉరికిండు. ఇటు వచ్చి కూసున్న. మేడం పక్కన కూసున్నది. నా ఎడమ చెయ్యి స్టీరింగ్ మీద క్లచ్ కోసం దేవులాడుకున్నది. లేదు. కాలు కింద ఉంది. మెల్లగ ఇడిసిన. నాలుగుసార్లు బంద్ అయింది. అయిదోసారి అరికాలుకు సన్నగ ఒక వణుకు తాకింది. అక్కడ ఆగిన. బండి కదిలింది.

మొదటి గేరులనే గ్రౌండ్ మొత్తం తిరిగిన. బాలరాజ్ వీడియో తీసుకుంట నా పక్కపొంటి నడుచుకుంటనే వచ్చిండు, ఒకటి రెండుసార్లు నన్ను దాటిపోయిండు గూడ. నేను చెప్పాల్సిన పాఠమంత చెప్పిన. ఆఖరుకు బ్రేకు కొంచెం లేటయి ఈశ్వరయ్య సారు ప్లాస్టిక్ కుర్చీకి తాకింది. కుర్చీ పడ్డది. ఎవ్వలికీ ఏం కాలే.

మేడం ఫారంల, "పాఠం: చాలా బాగుంది. డ్రైవింగ్: ఇంకా నేర్చుకోవాలి," అని రాసింది. నా సర్టిఫికెట్ ఆపిన్రు. మూడు నెలలల్ల లైసెన్స్ తీసుకొని మల్ల వీడియో పంపాల్నన్నరు. ఈశ్వరయ్య సారు తన ఫారం తనే మేడం దగ్గరికి తీసుకపోయి, రివర్స్ రాదని గూడ రాయిచ్చుకున్నడు.

ఇంటికొచ్చి చెప్తె రాహేలు, "బ్యాండేజ్ ఏది?" అని అడిగింది. అక్కడనే మర్చిపోయిన. బుచ్చమ్మక్క మాత్రం అంత ఇని, "లైసెన్సా? అది యాడ ఇస్తరు సారూ? నాకు గూడ ఒకటి ఇప్పియ్యరాదు," అన్నది. నేను కుర్చీ పట్టుకున్న. ఇరవై రెండేండ్ల సంది ఆమె లైసెన్స్ లేకుంట ఊరంత తిరుగుతున్నది. రోడ్డు భద్రత పాఠం చెప్పే సారును, ఆమె పక్కన కూసొని మూడు దినాలు తిరిగిన. ఆ రాత్రే ఆటో తాళంచెవి ఆమె కొడుకుకు ఇప్పిచ్చిన, వానికి లైసెన్స్ ఉంది గనుక. మస్తు తిట్టింది గానీ ఇచ్చింది.

సోమవారం స్కూల్ల తొమ్మిదో తరగతికి పోయిన. "నాకు బండి నడపరాదు, ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్న," అని చెప్పిన. ఎనక బెంచీ నుంచి సాగర్, "నిజంగనా సార్?" అన్నడు. నిజమే అన్న. "ఎన్నిసార్లు బంద్ అయింది సార్?" అని అడిగిండు. లెక్కపెట్టి చెప్పిన, ఆటో కారు కలిపి నలభైకి తక్కువ లేదు. వాడు మొఖంల నవ్వు దాసుకుంట వచ్చి పానా పట్టుకున్నడు. ఒకసారి పడేసిండు. "తియ్యి, మల్ల పట్టు," అన్న. ఇంక వేరే మాట అనలే.

సంగతి స్టాఫ్‌రూం దాంక పోయింది. కాశమ్మ మేడం పిలిచి, "అసెంబ్లీల చప్పట్లు కొట్టిచ్చిన గదండీ," అన్నది.

లెర్నర్ లైసెన్స్ పరీక్షకు నేను, బుచ్చమ్మక్క కలిసే పోయినం. ఆమె ఏడో తరగతి దాంక చదివింది. నెలరోజులు సాయంత్రాలు ఆమె బర్ల కొట్టం గోడ మీద బొగ్గుతోటి రోడ్డు గుర్తులన్నీ గీసి చెప్పిన. అందుల సగం ఆమెకు నచ్చలే. "ఈ గుర్తు పెట్టినోడు ఎన్నడూ కార్వాన్‌ల బండి నడపలే," అనేది. పరీక్షల ఆమెకు నాకన్నా రెండు మార్కులు ఎక్కువ వచ్చినయి. బయటికొచ్చినంక ఆ కాయితం నాకు చూపెట్టి, "ఎవరు సారూ మీ మాస్టర్?" అని అడిగింది.

అక్టోబర్‌ల కారు లైసెన్స్ తీసుకొని వీడియో పంపిన. రెండో గేరు గూడ ఏసిన అందుల. సర్టిఫికెట్ వచ్చింది. సుజన నాకన్నా నెల ముందే కారు లైసెన్స్ తీసుకున్నది, ఇప్పుడు వాళ్ల స్కూల్ల పిల్లలకు క్లచ్ పాఠం తాడు కట్టి చెప్తదంట.

బడి దినాలల్ల మాత్రం నేను ఇంకా రాహేలు స్కూటీ ఎనకనే వస్తున్న, పొద్దున ట్రాఫిక్‌ల నా మీద నాకే నమ్మకం లేదు. కానీ స్టేషన్ కాడ దిగుతలేను. సీదా గేటు ముందట దిగుతున్న. పిల్లలు రాహేలుకు గుడ్ మార్నింగ్ చెప్తరు.